దూది తాత ప్రశ్న

ఆదోనిలో నేను డిగ్రీ చదివే రోజుల్లో మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. జిన్నింగు మిల్లులో దూది రకాలు తేల్చే పని చేసి రిటైరయ్యాడు. కళ్లు మూసుకొని పోగును వేళ్లతో లాగి, ఏ రకమో చెప్పేవాడు.

ఒకరోజు ఆ పోగును కాలేజీ మైక్రోస్కోపులో చూద్దాం రమ్మన్నాను.

"బడికి పోనోన్ని, నన్ను రానిస్తారా అప్పా?" అన్నాడు.

రానిచ్చారు. రిబ్బనులా మెలికలు తిరిగిన పోగును చాలాసేపు చూశాడు.

"నలభై ఏండ్లు చేత్తో పట్టినాను, దీని మొగం ఈ పొద్దే సూసినా. ఎందుకిట్ల మెలి తిరిగింది?"

కాయ విచ్చాక తడి ఆరడం వల్లనని ల్యాబులో ఉన్న మా లెక్చరర్ చెప్పాడు.

"అయితే ముదరని కాయలో దూది వేలికి జారేది, మెలి సరిగా పడకనేనా సారూ?"

లెక్చరర్ తన కుర్చీ తాతకు జరిపి, నోటుపుస్తకం తీసుకొని మా బెంచీలో కూర్చున్నాడు.