మోకాలి నొప్పికి తుంటిని చూసిన మేడం

మా స్కానింగ్ మేడం పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. చేతిలో పిండి ముద్ద ఉంది. దాన్నట్లాగే పట్టుకుని అమ్మాయిని కేకేశాను.

నాందేడ్‌లో చాలామందికి ఆమె రిపోర్టు కింద ఒక సంతకం. మాకు అంతకంటే ఎక్కువ. మా అమ్మాయి పన్నెండేళ్లప్పుడు మోకాలి నొప్పితో కుంటడం మొదలుపెట్టింది. మా అత్తమ్మ నువ్వుల నూనె రాసి జిల్లేడాకు కట్టింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇస్లాపూర్‌లో కాలు గుంజి కట్టు కట్టే ఆయన దగ్గరికి ఆదివారం పోవాల్సిందేనని అత్తమ్మ పట్టుబట్టింది. ఈలోగా ఎముకల డాక్టరు మోకాలికి ఎమ్మారై రాశాడు.

స్కాన్‌లో మోకాలు శుభ్రంగా ఉంది. ఆ మాట రాసి పంపేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. మేడం మాత్రం లోపలికి వెళ్లి, పిల్ల కాలు మడిచి మెల్లగా పైకెత్తి చూశారట. మోకాలు తిన్నగా రాకుండా బయటికి తిరిగిపోయింది. తుంటి మీద అనుమానమొచ్చి ఎముకల డాక్టరుకు ఫోన్ చేసి, రెండు తుంట్లకూ మళ్లీ స్కాన్ తీశారు. మిషన్ చప్పుడుకు పిల్ల బెదిరితే మైకులో "ఘాబరూ నకో బాళా", భయపడకు బిడ్డా అని మరాఠీలో అంటూనే ఉన్నారు. అది ఆమె అలవాటు, పెద్దవాళ్లకైనా అంతే.

తర్వాత మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టారు. ఎముక పెరిగే పొర ఒక తుంటిలో సన్నటి గీతలా ఉంది. రెండోదాంట్లో వెడల్పయి, చుట్టూ తెల్లగా వాచింది. పైనున్న ఎముక గుండు ఇంకా జారలేదు, జారబోతోంది. నొప్పి మోకాలిలో ఉంటే తుంటిని చూడడమేమిటని అత్తమ్మ గొణిగింది. మేడం ఆమె చేయి పట్టుకున్నారు.

"నొప్పి మోకాల్ల తెలుస్తది అమ్మా, రోగం ఈడున్నది. తడి ఆరని గోడను గుంజుతమా? గిప్పుడు గుంజితే పిల్ల జిందగీ అంత కుంటుతది. కాలు కింద పెట్టనియ్యకుండ్రి."

అత్తమ్మ వెంటనే లేచింది. చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు.

ఒకసారి మేడంను అడిగాను, తుంటి సంగతి ఎట్లా తోచిందని. "చిట్టీల రాసింది చూస్త, పిల్లను గూడ చూస్త" అని, చల్లారిన చాయ్ తాగేశారు. పెద్ద మాటలు ఆమెకు గిట్టవు. నాకు మాత్రం ఆమె ఋణం తీరేది కాదు.

ఫోను రాగానే అమ్మాయి కాలేజీ మానేసి నాతో మేడం ఇంటికి వచ్చింది. ఇల్లంతా జనం. కుర్చీ ఇవ్వబోతే వద్దని, మేడం పక్కన నేల మీద, ఒకప్పుడు కుంటిన ఆ కాలు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె మీకేమవుతారని ఎవరో మరాఠీలో అడిగారు. ఆడవాళ్లు ఇంకా వస్తున్నారు. అమ్మాయి లేవలేదు, కూర్చున్నట్టే కొంచెం జరిగి చోటిచ్చింది.