మా అత్త వెతికిన ఎరుపు

మా అత్త పోయింది. ఆదివారం పొద్దున దొడ్లో గొర్రెలను మేతకు విడిపించి వచ్చి, ఒళ్ళు తూలుతోందని అరుగు మీద పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. చుట్టాలకు మేము కబురు పెట్టేలోగానే ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సు ఆ మాట మోసుకుపోయింది. సాయంత్రానికి కొండాపురం వైపు నుంచీ, మర్నాడు కలువాయి నుంచీ కూడా ఆడవాళ్ళు వచ్చారు. చాలామంది మాకు ఏమీ కారు. ఎవరమ్మా మీరని అడిగితే, "మీ అత్త నన్ను ఆత్మకూరు ఆస్పత్రికి పిల్చుకపోయిందమ్మా" అని అందరూ అదే మాట. గొర్రెలు మేపుకునే ఇంటి ఇల్లాలి కోసం ఇంతమంది ఏడవడం మా ఊరు ఎన్నడూ చూడలేదు. నేను ఆమె కోడలిని. గర్వంగానే రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నేను ఆ ఇంట్లో కాలుపెట్టాను. ఆమె నోరంటే ఊరికి హడల్. నాకూ హడలే. నేను వచ్చిన ఏడాదే మా ఆడబిడ్డ, అంటే మా అత్తకు ఉన్న ఒక్క కూతురు, పుట్టింటికి పురిటికి వచ్చి, కాళ్ళూ మొహమూ ఉబ్బి, గోడకు కొట్టిన సున్నంలా తెల్లబడి, కాన్పులోనే పోయింది. గాలి సోకిందన్నారు. ఆ తర్వాత ఆమె కూతురి పేరు ఎత్తగా నేను వినలేదు.

నా రెండో కాన్పు అయ్యాక నాకూ అదే మొదలైంది. నాలుగడుగులేస్తే ఆయాసం, నోటి మూలలు పగిలి అన్నం తగిలితే మంట. అప్పట్లో మా వైపు బాలింతకు పథ్యమంటే మిల్లు బియ్యపు తెల్లన్నం, వేయించిన కారం, అంతే. ఆకుకూర ముట్టకూడదు, పాలు తాగే బిడ్డకు అరగదని. సంగటి మోటు తిండి, బాలింతకు పనికిరాదని. ఇంట్లో అందరూ సంగటీ చింతాకు పప్పూ తింటుంటే నాకు ప్రత్యేకంగా తెల్లన్నం. అది ముద్దుచేయడమనే అందరం అనుకున్నాం, తినే నేను కూడా.

ఒకరోజు నా కొంగుముడిలో బలపం ముక్కలు, పచ్చి బియ్యం మా అత్త కంట పడ్డాయి. దాచుకుని నములుతున్నాను. ఇక నా పని అయిందనుకున్నాను. ఆమె తిట్టలేదు. గడప మీద కూలబడి ఆ బలపాలను అరచేతిలోకి తీసుకుంది.

"నా బిడ్డ గోడమట్టి తినేది" అంది. "నేను వాతలు పెడతానని బెదిరించినానే గానీ, ఎందుకు తింటాండావని ఎవర్నీ అడగలేదు."

మర్నాడు బస్సెక్కించింది. మా మామ అక్క, ఇంట్లో అందరికన్నా పెద్దావిడ, వాకిట్లో అడ్డం నిలబడింది. "పచ్చి బాలింతను ఊళ్ళెంట తిప్పుతావా? దానికేమన్నా అయితే?"

"ఇంట్లో పెట్టుకున్నదానికి ఏమైందో చూసినాం గదా వదినా" అని మా అత్త నా చెయ్యి పట్టుకుని నడిచింది.

ఆత్మకూరు డాక్టరు నా కింది రెప్ప లాగి చూశాడు, నాలుక చూశాడు, గోళ్ళు చూశాడు. వేలి కొసన సూదితో పొడిచి నెత్తురు చుక్కను అద్దుడు కాగితానికి పట్టించి, ఎరుపు రంగులు వరసగా అచ్చేసిన అట్ట పక్కన పెట్టాడు. మా అత్త కూడా తల దూర్చింది. నాది అన్నిటికన్నా కింద ఉన్న వెలిసిన రంగుకు సరిపోయింది.

"రక్తం లేదమ్మా ఈ పిల్లకు. ఇలాగే ఇంకో కాన్పు వస్తే మనిషి దక్కదు" అన్నాడు డాక్టరు. మా అత్త ఆ అట్టను చేత్తో తడిమింది.

మలం పరీక్ష చేయిస్తే కొంకిపురుగులున్నాయని తేలింది. ఉత్తకాళ్ళతో తిరిగితే నేలలోంచి ఎక్కి, పేగుల్లో చేరి నెత్తురు తాగుతాయట. ముందు వాటికి మందు, తర్వాత ఇనుము మాత్రలు. ఆకుకూరలు, పొట్టేలు కాలేయం, అదే మేము కార్జం అంటాం, సంగటి అన్నీ పెట్టమన్నాడు. నోటి పగుళ్ళు పోవాలంటే దంపుడు బియ్యం వండి, గంజి వార్చి పారబోయవద్దన్నాడు.

మాత్రలు మొదలుపెట్టిన వారానికే దొడ్డికి నల్లగా అయింది. ఇంట్లో గోల. మందు లోపల పేగులు కాలుస్తోందని మా మామ అక్క మాత్రలు పెంటలో పారేయబోయింది. మా అత్త ఆమె చేతిలోంచి పొట్లం లాక్కుని, ఆ నల్లటిదాన్ని ఆముదపాకులో చుట్టి, గుడ్డలో మూటకట్టి, తనొక్కతే మళ్ళీ బస్సెక్కింది. మూటలో ఏముంది అవ్వా అని కండక్టరు అడిగితే, "నా కోడలి జవాబు ఉండాది" అందట. డాక్టరు మూట విప్పి, ముక్కు మూసుకుని, నవ్వి, ఇనుము మింగితే ఎవరికైనా అలాగే అవుతుంది, మాత్రలు ఆపొద్దు అన్నాడట. ఆ సంగతి ఊరంతా తెలిసింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆమెకు మాత్రం లేదు. "అడగడానికి సిగ్గేందిమే? అడక్కపోతేనే సిగ్గు" అనేది.

ఇంట్లో పొట్టేలు కోస్తే కార్జం నిప్పుల మీద కాల్చి మా మామకు పెట్టడం ఆనవాయితీ. ఇంకెవరూ దాని వైపు చూడరు. ఆ ఉగాదికి మా అత్త దాన్ని నా కంచంలో వేసి, ఆయనతో "ఈ పొద్దు నీకు లేదు" అంది. మగవాళ్ళ కంటే ముందు నన్ను కూర్చోబెట్టడమే ఒక వింత, పైగా ఇది. అంతవరకూ నాతో ఒక్క మాటైనా మాట్లాడని మా మామ, తలుపవతల నుంచి, "ఉప్పు సరిపోయిందామ్మా?" అని అడిగాడు. కోడలిని నెత్తికెక్కించుకుందని బావి దగ్గర చెప్పుకున్నారు. "నేలలో పెట్టేదానికంటే నెత్తిన పెట్టుకునేది మేలు గదా" అని మా అత్త అక్కడే అనేసింది.

మూడో కాన్పుకు ముందు డాక్టరు మళ్ళీ చుక్క తీసి అట్ట పక్కన పెట్టాడు. మా అత్త నా కన్నా ముందు వంగి చూసి, "ఎక్కింది, పైకెక్కింది" అంది. బిడ్డా నేనూ క్షేమంగా బయటపడ్డాం. పురిటి గది బయట ఆమె గోడకు మొహం తిప్పుకుని కూతురి పేరు పిలిచి ఏడ్చింది. ఆమె నోట ఆ పేరు మళ్ళీ విన్నది అప్పుడే.

ఇక ఆమెను ఎవరూ పట్టలేకపోయారు. బావి దగ్గర, తిరనాళ్ళలో, చివరికి పెళ్ళిపీటల మీద కూడా కనపడిన ఆడదాని కింది రెప్ప లాగి చూసేది. తెల్లగా ఉంటే మొగుడినీ అత్తనూ నాలుగు తిట్టి బస్సెక్కించేది. ఒకసారి కండ్లకలక వచ్చిన మనిషిని చూసి "నీకేమే, నెత్తురు పుష్కలంగా ఉండాది" అని పంపేసిందని డాక్టరు చాన్నాళ్ళు ఏడిపించాడు. "చూసేది నువ్వు సామీ, నేను తోలకొచ్చేదాన్నే గదా" అని ఆమె కూడా నవ్వేది.

పెద్ద దినం నాడు, మా అత్త కర్మ అయ్యాక, పందిట్లో ఆకులు పరిచారు. అలవాటు ప్రకారం మగవాళ్ళు ముందుకొచ్చారు, వచ్చిన ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు. మా మామ అన్నం గంప చంకన పెట్టుకుని వచ్చి, "మీరు కూర్చోండమ్మా ముందు" అన్నాడు వాళ్ళతో. మగవాళ్ళు చంటిపిల్లలను ఎత్తుకుని ఎండలో గోడవారగా నిలబడ్డారు. వరస చివర నిండుచూలాలు ఒకామె, మగవాళ్ళు కాచుకుని ఉన్నారని గబగబా నాలుగు ముద్దలు తిని, ఇక చాలని ఆకుకు చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె చెయ్యి తీసేదాకా మా మామ అన్నం పిడికిట్లో పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు.