ప్రభువు బల్ల దగ్గర అలిగిన ఆదివారం

మా తమ్ముడు ఏడేళ్లు చర్చి గడప తొక్కలేదు. పాస్టరు అయ్యగారి ప్రసంగం మధ్యలో లేచి, "మీరు ఆపితే మేం అన్నం తినాలండీ" అని నిండు సంఘంలో అరిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడి ఆదివారాలన్నీ పేకాటకూ తాగుడుకూనే. నేనేమో ఒక్క ఆరాధన మానలేదు. ముందు వరుస చాప నాది. ప్రార్థనలో ఎవరు కునుకుతున్నారో అక్కణ్ణుంచే ఓరగా వెనక్కి చూసి కనిపెట్టేదాన్ని. కళ్లు మూసుకోవాలిగా అని మీరడగొచ్చు. ఒక కన్ను మూసేదాన్ని.

మిరప కోతల రోజుల్లో ఒక ఆదివారం వాడు నున్నగా తల దువ్వుకుని వచ్చి వెనక కూర్చున్నాడు. ప్రభువు బల్ల వేళకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకి, అయ్యగారు వాణ్ణి పిలిచి, కౌగిలించుకుని, అందరికంటే ముందు వాడికే రొట్టె ఇచ్చారు. నా పక్కన మా అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నా ఏడేళ్ల హాజరుకు ఏనాడూ ఆవిడ కన్ను చెమర్చలేదు. నేను లేచి, తలుపు ధడేల్న వేసి బయటికొచ్చేశాను.

పక్కనే మా మిరప కల్లం. ఎండబోసిన కాయల ముందు చతికిలబడి కసికొద్దీ రంగు పోయిన తాలుకాయలు ఏరసాగాను. చెమట కారితే ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. ఇక చూడండి! "చచ్చాను దేవుడో!" అన్న నా కేకకు లోపల పాట ఆగిపోయింది.

సంఘమంతా వచ్చి చుట్టూ మూగింది. ముక్కూ కళ్లూ ఏకం చేసి ఏడుస్తున్న నన్ను చూసి, అయ్యగారి భార్య "స్తోత్రం! ఈవిడ గుండె కూడా కరిగింది" అంటూ నా తల మీద చెయ్యేసి ప్రార్థన అందుకున్నారు. నేను మంటకు "అబ్బా, అబ్బా" అంటున్నకొద్దీ ఆవిడ గొంతు ఇంకా పెంచారు.

తమ్ముడు బిందె తెచ్చి దోసిళ్లతో నా కళ్లల్లో నీళ్లు కొడుతూ చెవిలో గొణిగాడు.

"మిరపకాయేగా అక్కా?"

"నోర్మూసుకుని నీళ్లు పొయ్యరా."

"ఎవరికీ చెప్పన్లే. నేను మాత్రం మారుమనసు పొంది వచ్చానా ఏంటి? వస్తే పలావు వండుతానంది అమ్మ. కానీ అయ్యగారు అట్టా కౌగిలించుకునేసరికి..." వాడు తర్వాతి దోసిలి నీళ్లు తన ముఖం మీదే కొట్టుకున్నాడు.

ఈలోగా అయ్యగారు రొట్టె పళ్లెంతో కల్లంలోకే వచ్చారు. "మీరొక్కరే మిగిలారమ్మా."

"నేను కోపంతో లేచొచ్చానండీ."

"తెలుసమ్మా. తలుపు చప్పుడు నాకూ వినపడింది. చేతులు కడుక్కుని పట్టండి."

కడుక్కున్నా రొట్టె కారంగానే ఉంది. ఇప్పుడు వచ్చిన ఏడుపు మాత్రం మిరపకాయది కాదు.

మరుసటి ఆదివారం నా గుండె ఎలా కరిగిందో సాక్ష్యం చెప్పమంటే లేచి మిరపకాయ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అయ్యగారి భార్య కాసేపు ముఖం ముడుచుకుని, తర్వాత అందరికంటే ముందు తనే నవ్వేశారు.