నడుం మీద అతుకు

గర్భం రాకుండా చర్మానికి అంటించుకునే ప్యాచ్‌ని కనిపెట్టినవాళ్ళు చీర కట్టుకున్న ఆడవాళ్ళని చూసి ఉండరు. జబ్బ మీద, వీపు మీద, పొట్ట మీద, పిరుదు మీద ఎక్కడైనా అంటించుకోవచ్చట. చివరిది తప్ప మిగతావన్నీ మా ఇంట్లో బహిరంగ ప్రదేశాలే. పోనీ ఆ ఒక్కచోటే ఉంచుదామంటే దురద. వారం వారం చోటు మార్చాలి. అద్దె ఇళ్ళల్లో పెరిగినదాన్ని కదా, మారడం నాకు కొత్త కాదు అనుకున్నాను.

మా అత్తవారిది వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారం. వాళ్ళ భాషలో అతుకంటే చిరుగు మీద వేసేది. నా చిరుగు నా మొదటి కాన్పు. పాప కడుపులో ఉన్నన్నాళ్ళూ వాంతులే. మంచం దిగలేక చేస్తున్న ఉద్యోగం వదులుకున్నాను. పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మళ్ళీ ఒక కుర్చీ దొరికింది. ఆ కుర్చీ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. రోజూ బిళ్ళ వేసుకుందామంటే, గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చే మనిషిని. గుణదలలో మేం చూపించుకునే డాక్టరమ్మ అందుకే ప్యాచ్ రాశారు. అది అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, చెప్పి తెప్పించుకోవాలి. చెప్పిందీ తెచ్చిందీ మా ఆయనే.

“నీ మతిమరుపుకి ఇదే కరెక్టు. ఒక్క పిల్ల చాలు మనకి, హాయిగా ఉద్యోగం చేసుకో” అన్నారు. ఆయన నా పక్షాన ఉన్నారన్న సంబరంలో ఆ మతిమరుపు బిరుదు కూడా పుచ్చుకున్నాను.

బెంజ్ సర్కిల్‌లో కొత్త షాపు తెరుస్తూ అక్కడే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పీటల మీద మేమిద్దరం కూర్చోవాలి. మా ఇళ్ళల్లో వ్రతానికి ముహూర్తం పంతులుగారు చూస్తే, కోడలి నెలసరి అత్తగారు చూస్తారు. మా అత్తగారు ముందుగానే బిళ్ళల షీటు తెచ్చి నా చేతిలో పెట్టారు.

“అమ్మాయ్, సరిగ్గా ఆ రోజుకే వచ్చేట్టుంది నీకు. రేపట్నుంచి వేసుకో, వెనక్కి పోతుంది.”

“రాదులెండి అత్తయ్యా.”

“రానని నీకు ఫోన్ చేసి చెప్పిందా?”

మూడు వారాలయ్యాక ప్యాచ్‌కి సెలవిచ్చే నాలుగో వారం సెలవివ్వకుండా ఇంకోటి అంటించుకుంటే నెలసరి వాయిదా పడుతుందని డాక్టరమ్మ చెప్పారు. అలాగే చేశాను. బిళ్ళలు సొరుగులో పడేశాను.

వ్రతం రోజు పొద్దున మా అత్తగారే నాకు పట్టుచీర కడుతూ వెనక వైపు సర్దారు. ఆవిడ వేలు నడుం మీద ఆగింది.

“ఇదేంటి, నడుంనొప్పి పట్టీనా?”

అవునంటే అయిపోయేది. కానీ గుమ్మంలో కండువాతో మా ఆయన నిలబడి ఉన్నారు. ఆయన ఉన్నారన్న ధైర్యంతో నిజం చెప్పాను.

“పిల్లలు పుట్టకుండా అత్తయ్యా. ఇంక వద్దనుకున్నాం.”

“అనుకున్నారా? ఏరా, నువ్వూ అనుకున్నావా?”

“నాకేం తెలుసమ్మా? నడుంనొప్పికేమో అనుకున్నా” అన్నారాయన, కండువా అంచు చూసుకుంటూ. మేమిద్దరం కలిసి ఎక్కిన మాటలోంచి, స్టాపు రాగానే సిటీ బస్సు దిగినంత తేలిగ్గా దిగిపోయారు.

“తీసెయ్ ముందు. దేవుడి ముందు కూర్చోబోతూ ఒంటిమీద ఆ పాపమేంటి?”

“మీరిచ్చిన బిళ్ళలూ ఇంచుమించు ఇలాంటి మందే అత్తయ్యా.”

“అవి దేవుడి కోసమే. ఇది నీ సుఖానికి.”

పీకేశాను. అది ఉన్నచోట చర్మం ఎర్రగా, అంచుల చుట్టూ చీర నూగుతో నల్లగా మిగిలింది. పీటల మీద కూర్చున్నాక పంతులుగారు గోత్రనామాలు చెప్పించి, పుత్రపౌత్రాభివృద్ధి దగ్గర ఆగి, “అమ్మా, అయ్యగారి చేతికి చెయ్యి ఆనించండి” అన్నారు. ఆనించాను. నా చెయ్యి తగిలితేనే కదా ఆయన కోరిక ఇద్దరి కోరికయ్యేది.

ఇంటికొస్తూ కార్లో ఆయనకి కోపమేం లేదు. “అమ్మ ముందు ఏం చెప్పమంటావ్? నువ్వు నడుంనొప్పే అనుంటే పోయేదిగా” అన్నారు, బేరం తెలియని గుమస్తాకి నేర్పుతున్నట్టు. “మళ్ళీ అంటించుకో, ఎవరొద్దన్నారు? కాకపోతే కనపడని చోట.”

కనపడని చోటు కోసం నేనింక నా ఒళ్ళు వెతుక్కోలేదు. ఆ వారం నుంచి పాప గదిలో పాప పక్కన పడుకుంటున్నాను. మొదట్లో పాపకి జ్వరమా అని అడిగారు. తర్వాత అడగడం మానేశారు. ఉద్యోగం మాత్రం నిక్షేపంలా ఉంది. ఆడిటర్ గారు జీతం కూడా పెంచారు.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి వెళితే, “ప్యాచ్ బాగా పడిందా అమ్మా?” అని అడిగారు.

“మానేశానండి.”

“మంచిది. రెండో బిడ్డకి చూస్తున్నారా?”

“లేదండి.”

“మరి జాగ్రత్తకి ఏం వాడుతున్నారు?”

“అవసరం రావట్లేదండి.”

ఆవిడ రాస్తున్న పెన్నుకి మూత పెట్టారు. “మీవారు బయటే ఉన్నారుగా, ఒకసారి లోపలికి పిలుద్దామా?”

“వద్దండి. బేరాల టైము, ఫోన్లో ఉంటారు” అన్నాను.