డ్రిల్‌లో మిగిలిపోయిన మనిషి

1979 చలికాలంలో మా కార్ఖానా అగ్నిమాపక విభాగం నన్ను మా ఊళ్లోనే కాసిడీహ్ పేటలో ఉన్న ఒక స్వచ్ఛంద పౌర రక్షణ సంఘానికి పంపింది. హోదా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. మంటలార్పడం, కట్లు కట్టడం, కూలిన ఇంట్లోంచి మనిషిని బయటికి తేవడం బస్తీల వాళ్లకు నేర్పాలి.

బిర్సానగర్ బస్తీలో పెట్టిన తరగతికి నూకరత్నం అనే ఆవిడ వచ్చేది. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త సింహాచలం క్రేన్ నడిపేవాడు. మగవాళ్ల ముందు స్ట్రెచర్ మీద పడుకోవడానికి ఆడవాళ్లు సిగ్గుపడితే, ముందు తనే పడుకుని చూపించింది. ఆమెను చూసే మిగతావాళ్లు వచ్చారు.

ఆ శిక్షణ చివర సిద్ధగోరాలో ఖాళీగా ఉన్న ఒక పాత మేడలో మాక్ డ్రిల్ పెట్టాం. భూకంపం వచ్చి కొందరు లోపల చిక్కుకున్నట్టు నటించాలి. వాళ్లను కాజువాల్టీలంటాం. నూకరత్నానిది కాలు విరిగి స్పృహ తప్పిన మనిషి వేషం. కట్టు కట్టి పైన సామాన్ల గదిలో పడుకోబెట్టింది నేనే. ఎవరో ఒకరు వచ్చి ఎత్తేదాకా కదలకూడదని, పిలవకూడదని గట్టిగా చెప్పాను.

డ్రిల్ ముగించే ముందు బయటికొచ్చిన వాళ్లను పేరుపేరునా పిలిచి సరిచూడాలి. ఆ తర్వాతే స్టాండ్ డౌన్, అంటే పని ముగిసిందన్న ప్రకటన. ఆ రోజు ముఖ్య అతిథి అనుకున్నదానికంటే ముందే వచ్చి కూర్చున్నారు. మా సంఘం కార్యదర్శి ఇక కానివ్వమన్నట్టు నా వైపు చూశారు. నేను పేర్లు పిలవడం మానేసి, సెల్యూట్ చేసి, అందరినీ కాపాడామని రిపోర్టు చెప్పాను. చప్పట్లు, ఉపన్యాసం, టీ అయ్యాయి. బల్లలు సర్దుతుండగా సింహాచలం డ్యూటీ దిగి సైకిల్ మీద వచ్చి, భార్య ఏదని అడిగాడు.

ఇద్దరం పైకి పరిగెత్తాం. పెట్టిన చోటే ఉంది. గచ్చు చలికి వణికిపోతోంది.

"సప్పట్లు ఇనిపించినాయి బాబూ," అంది. "నన్నింకా తియ్యనేదు గదా, అయిపోనాదని ఎలాగనుకుంతాను?"

సింహాచలం ఆమె కాలి కట్టు విప్పుతూ, గొంతు పెంచకుండానే అడిగాడు: "నిజింగా మేడ కూలిపోతే ఏటి సేసుందురు బాబూ?"

ముగ్గురం కిందికి దిగుతుంటే మా వలంటీర్లలో ఎవరో నవ్వారు. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని సైకిల్ వెనక కూర్చుంది.

ఆ వారమే వాళ్లింటికి వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. టీ ఇచ్చింది. మళ్లీ తరగతికి రమ్మంటే మాత్రం, "నాను రాను బాబూ. ఈదిలో నవ్వుతన్నారు," అంది. ఆమెతో వచ్చేవాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. బిర్సానగర్ తరగతి మూతపడింది.

ఆ తర్వాత ఎన్నో డ్రిల్స్ నడిపాను. ఎంతటివారు వచ్చినా, పేర్లు పిలవడం పూర్తయ్యేదాకా ఆగమన్నాను. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. ఆ నియమం మా మొదటి పాఠంలోనే ఉంది. బిర్సానగర్‌లో దాన్ని చెప్పినవాణ్ణి నేనే.