హుమాయూన్ సమాధికి మధ్య ముక్క

కరోల్ బాగ్‌లో సివిల్స్‌కి చదివే తెలుగువాళ్ళలో అప్పట్లో ఒక పిచ్చి ఆచారం ఉండేది. పాసయ్యేదాకా ఢిల్లీ చూడకూడదు. ఎర్రకోట, కుతుబ్ మినార్ ఎక్కడికీ పోవుగా, సెలెక్ట్ అయ్యాక దర్జాగా చూద్దాం అనేవారు. ఎవడైనా ముందే చూసొచ్చి ప్రిలిమ్స్ పోగొట్టుకుంటే "చూశావుగా, అందుకే" అని ఏడిపించేవారు. చూడకుండా పోగొట్టుకున్నవాళ్ళు అంతకంటే ఎంతోమంది. వాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను మొదటి ఏడాదే ఆ చదువుకి ఓ దణ్ణం పెట్టి, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాను. కాబట్టి నాకు ఆచారం నుంచి విముక్తి దొరికింది. నా రూమ్మేటుకి దొరకలేదు. వరంగల్ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఒకసారి వాళ్ళ అక్కాబావలు పిల్లల్ని తీసుకుని ఢిల్లీ వస్తే, హుమాయూన్ సమాధి దాకా వెంట వెళ్ళి, లోపల ఎక్కడ ఏముందో గేటు దగ్గరే పాఠం చెప్పి పంపించి, తాను బయట పల్లీలు తింటూ కూర్చున్నాడు. అక్క ఎంత బతిమాలినా గేటు దాటలేదు.

అన్నకి చివరి అటెంప్టు కూడా పోయింది. సొంతూరి దగ్గర బడిలో సోషల్ టీచరు ఉద్యోగం ఖాయం చేసుకుని, ఆ వారం చివర్లో రైలుకి టికెట్ తీసుకున్నాడు.

"ఇప్పుడైనా చూడన్నా. ఇంక అడ్డమేముంది?" అన్నాను.

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె తమ్మీ? పాసైతేనే సూస్తనని మొక్కుకున్న. కాలే. వద్దు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉండి ఢిల్లీ చూడకుండా పోతాడట! రేపు పిల్లలకి మొఘలుల పాఠం చెప్పిన ప్రతిసారీ అది లోపల గుచ్చుకుంటుంది. పైకి చెప్పడు, కానీ గుచ్చుకుంటుంది. రాకపోతే పోనీ, సమాధినే గదికి తెస్తాను అనుకుని నా రీలు కెమెరా పట్టుకుని వెళ్ళాను.

అంత కట్టడం ఒక్క ఫొటోలో పట్టదు. వెనక్కి జరిగితే చెట్లు అడ్డం. అందుకని ఒకేచోట నిలబడి, ఎడమ నుంచి కుడికి కొద్దికొద్దిగా తిరుగుతూ ముక్కలుగా తీయడం మొదలుపెట్టాను. ప్రతి ముక్కలోనూ పక్కముక్క అంచు కాస్త పడాలి, అప్పుడే తర్వాత అతుకుతుంది. సగంలో ఉండగా ఒక కుటుంబం వచ్చి "భయ్యా, ఏక్ ఫోటో ఖీంచ్ దో" అని వాళ్ళ కెమెరా నా చేతిలో పెట్టింది. అంకుల్ పొట్ట లోపలికి పీల్చుకునేదాకా ఆగి ఒకటి తీశాను. ఆంటీ కళ్ళు మూసుకుందంటే ఇంకోటి తీశాను. వాళ్ళు వెళ్ళాక కుడివైపుకి తిరిగి మిగతాది పూర్తి చేసుకుని వచ్చేశాను.

ల్యాబు నుంచి ప్రింట్లు తెచ్చి గదిలో చార్టు మీద పరిచాను. ఆ మిషను తన ఇష్టమొచ్చినట్టు ఒక్కో ప్రింటుకి ఒక్కో రంగు పట్టించింది. ఒకదాంట్లో ఆకాశం నీలం, పక్కదాంట్లో పల్చటి మజ్జిగ. అన్న మొదట మంచం దిగలేదు. నేను బ్లేడుతో అంచులు కోస్తుంటే మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"అరే ఆగురా బయ్! అది కుడి దిక్కుది. ఎడమకెట్ల పెడ్తున్నవ్?"

"రెండూ ఒకేలా ఉన్నాయిగా."

"ఒక్కతీరుగనే ఉంటయ్. నీడ సూడు."

ఎన్నడూ చూడని సమాధిని మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కా జరుపుతూ సరిచేశాడు. తర్వాత చెయ్యి ఆగిపోయింది.

"గుమ్మటమేది తమ్మీ? దర్వాజ ఏది?"

కవరు దులిపాను. లేవు. అప్పుడు వెలిగింది నాకు. మధ్య ముక్క తీశాను గానీ, ఆ అంకుల్ కెమెరాతో తీశాను! హుమాయూన్ గుమ్మటం ఇప్పుడు ఎవరి ఆల్బంలోనో ఆంటీ వెనక ఉంటుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అని పడీపడీ నవ్వాడు. రిజల్టు వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. నాకు రేపు ఆఫీసు, మళ్ళీ వెళ్ళడం కుదరదని చెప్పాను. ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు.

"నడుమ లేకుంటే గిదేం సమాధిరా? కెమెరా ఈడ పెట్టి పో."

మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి ప్రింట్లు కడిగించి తెచ్చేశాడు. గుమ్మటం ఉంది. దర్వాజా మాత్రం సగమే కనిపిస్తోంది, దాని ముందు అన్న నిలబడి ఉన్నాడు కాబట్టి. ఇంటర్వ్యూకని కుట్టించి, పిలుపు రాక ఏనాడూ వేసుకోని తెల్లచొక్కా, మెడకి టై, చేతులు ఒంటికి అంటుకుని అటెన్షన్‌లో. దారినపోయే వాళ్ళెవరిచేతో తీయించుకున్నాడు.

"అన్నా, ఇది అతకదు. నువ్వు దర్వాజా అంత ఉన్నావు."

"ఉండనీ. అదే పెట్టు."

నా నోరు ఊరుకోదుగా. "మరి మొక్కు?" అన్నాను.

ఇంకా ఆ చొక్కాలోనే ఉన్నాడు. మంచం మీద కూర్చుని టై వదులు చేసుకున్నాడు.

"లోపలికి పోకముందు టికెట్ కిటికీ కాడ మస్తు సేపు నిలవడ్డ తమ్మీ. ఎవ్వరొచ్చినా ఇస్తున్నడు. కాలేజి పోరలు, ముసలోళ్ళు, అందరికీ ఇస్తున్నడు. పాసైనవా అని ఒక్కణ్ణి గూడ అడుగుతలేడు."

నాకు ఏడుపొచ్చింది. జిగురు డబ్బా మూత తీశాను.