చీల అన్న మాట

జహీరాబాద్ మార్కెట్ వెనక గల్లీలో గిరిజమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. మంత్రాలామె ఇల్లంటే మాత్రం వేలు చూపిస్తారు. చూపించిన వేలు వెంటనే ముడుచుకుంటారు.

ఏదైనా పోయినవాళ్లే ఆమె గడప తొక్కుతారు. ముక్కుపుల్ల, బర్రె, పట్టా కాగితం, ఏదైనా సరే. గిరిజమ్మ ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, చిటికెడు విభూతి చల్లి, అందులోకి చూడమంటుంది. వాళ్లు నీళ్లను చూస్తారు, ఆమె వాళ్లను చూస్తుంది. ఆమె విద్య అంతే. పోయిన నాటి సంగతులు మెల్లగా అడుగుతూ, ఎక్కడ గొంతు తగ్గిందో, ఎవరి పేరు దాటేశారో గుర్తుపెట్టుకుంటుంది. పట్టా కాగితం ఎవరూ ఎత్తుకుపోలేదు, పెండ్లి పత్రికల కట్టలో చూడండని చెప్పి పంపింది ఒకసారి. అక్కడే దొరికింది. నీళ్లలో ఏమీ కనిపించదన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక ఎవరూ వచ్చి ఎదురుగా కూర్చోరేమోనని భయం.

ఆమెకు ఒక్కటే నియమం. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి పోదు.

దానికో కారణం ఉంది. ముప్పై ఏళ్ల కింద, న్యాల్‌కల్ దగ్గరి ఊళ్లో ఉన్నప్పుడు, పక్కింటి పిల్లకు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. జ్వరం తగ్గలేదు. దవాఖానకు తీసుకుపోయాక తగ్గింది. ఈలోపు మూడు రోజులు ఊరంతా బాణామతి చేసిందన్నది. పిల్లల్లేని మనిషి, అడవిలో వేర్లు తవ్వుకొచ్చే మనిషి, మాట సగం కన్నడం. అనడానికి అవి సరిపోయాయి. తలుపు మీద రాళ్లు పడ్డాక, నాలుగోనాటి పొద్దున భర్త సిద్దప్ప ట్రంకు పెట్టెనూ ఆమెనూ గడ్డి లారీ ఎక్కించి జహీరాబాద్ తెచ్చాడు. దారి పొడుగునా ఆమె ముఖానికి ఎండ తగలకుండా తన రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఆయనతోపాటే ఇంట్లో కన్నడం కూడా పోయింది.

ఈ ఏడు యాసంగి జొన్నలు విత్తడానికి వారం ముందు, ఒక పొద్దున నందిని వచ్చింది. అల్లం వ్యాపారం చేసే జగన్‌మోహన్ భార్య. కూర్చుంది గాని గిన్నెలోకి చూడలేదు. గిరిజమ్మ ముఖమే చూస్తూ ఉంది. గోళ్లు పొట్టిగా కత్తిరించిన ఆ చేతుల నుంచి నీలగిరి తైలం వాసన వస్తున్నది. రోగిని రోజూ తోమి, ఒళ్లు రుద్దే చేతులవి.

చెప్పింది. అత్త సీతాబాయికి రెండు నెలల కింద పక్షవాతమొచ్చి కుడి పక్క పడిపోయింది. నోట్లోంచి రెండు మూడు మాటలే వస్తున్నాయి. మొన్న ఆడబిడ్డ స్వప్న తల్లిని చూడవచ్చి పెట్టె తెరిస్తే బంగారు గుండ్ల దండ లేదు. ఎక్కడున్నదమ్మా అని అడిగితే, సీతాబాయి ఎడమ చెయ్యి ఎదురు గోడ దిక్కు లేపి చీల, చీల అన్నది. ఆ గోడకు ఒక్కటే చీల. దానికి వేలాడుతున్నది నందిని పర్సు. పర్సులో ఏమీ దొరకలేదు, కాని అత్త తననే చూపించిందని అందరూ అనుకున్నారు. ఇవ్వాళ పగటి బువ్వ వేళకు కోహీర్ నుంచి తండ్రి వచ్చి నందినిని పుట్టింటికి తీసుకుపోవాలి.

"దండ పోతే పోనీ పెద్దమ్మా. నా పేరు గిట్ల పోతే నేనెట్ల బతుకుత? అత్తమ్మ కూడ నన్నే అనె. బువ్వ తినిపిస్తుంటే సాకు, సాకు అంటది. నేనే సాకుత అత్తమ్మా అని ఇంకో ముద్ద పెడుత. మూతి తిప్పుకుంటది."

గిరిజమ్మ చెయ్యి గిన్నె అంచు మీద ఆగింది. మీ అత్త పుట్టిల్లెక్కడని అడిగింది. హుమ్నాబాద్ దిక్కు. సీతాబాయి పెండ్లయి వచ్చిన కొత్తల్లో ఆమె అత్త, ఈ ఇంట్లో కన్నడం వద్దన్నదట. యాభై ఏళ్లలో కన్నకొడుకు కూడా ఆమె నోట ఆ భాష వినలేదు.

సిద్దప్ప కూడా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి సాకు అనేవాడు. చాలు అని.

సంగతి అర్థమైంది. ఇక్కడే చెప్పి పంపేయవచ్చు. కాని నందినే పోయి తీస్తే, దాచినామెకే దొరికిందంటారు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లది. గిరిజమ్మ కాళ్ల దిక్కు చూసుకుంది. తర్వాత గుడ్డసంచి భుజానికి తగిలించుకుని లేచింది. గిన్నె అక్కడే వదిలేసింది.

గడపలోనే స్వప్న అడ్డం నిలబడింది.

"ఈమెనెవలు పిలిచిన్రు? మా అమ్మకేమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు?"

"తలుపులన్ని తెరిచే ఉంచు బిడ్డా. అందరు చూడుండ్రి. నేనామెను ముట్టనే ముట్ట."

మంచానికి జానెడు దూరంలో చతికిలబడి, ఎనిమిదేళ్లుగా ఎవరితోనూ ఆడని భాషలో అడిగింది. "సీతక్కా, యావ చీల?" ఏ చీల అని.

సీతాబాయి కళ్లు ఆమె మీద నిలిచాయి. సగం నోరు వణికింది. "జోళ... జోళద చీల." ఎడమ చెయ్యి మళ్లీ గోడ దిక్కు లేచింది. అందరూ మళ్లీ పర్సునే చూశారు. గిరిజమ్మ ఇంకాస్త పైకి చూసింది. చీలకు పైన అటక. అటక మీద సంచి.

జగన్‌మోహన్‌నే ఎక్కమంది. బూడిద, వేపాకు కలిపి మూతి కుట్టిన విత్తనపు జొన్నల సంచి. విత్తే రోజు దాకా ఆ ఇంట్లో దాన్ని ఎవరూ విప్పరు. సీతాబాయి అందుకే అందులో దాచింది. కుట్టు తెంపి చెయ్యి పెడితే, మోచేయి లోతున గుడ్డ మూట తగిలింది. గుండ్లు బూడిద కొట్టుకుని ఉన్నాయి.

జగన్‌మోహన్ అటక మీదే చేతులు జోడించాడు. నీళ్లు కూడా చూడకుండా చెప్పిందని స్వప్న రెండడుగులు వెనక్కి వేసింది. ఆ భయం గిరిజమ్మకు కొత్త కాదు. దానితోనే ఇన్నేళ్లు వెళ్లదీసింది. ఊరుకుంటే పేరు ఇంకా పెరుగుతుంది.

"మంత్రం కాదు బిడ్డా," అన్నది. "మా కన్నడంల చీల అంటె సంచి. జోళ అంటె జొన్న. మీ అమ్మ సక్కగనే చెప్పింది. మీకు తెల్వలే, గంతే."

స్వప్న చీలకున్న పర్సు తీసి, కొంగుతో తుడిచి, వదిన చేతిలో పెట్టింది. నందిని అందుకుంది.

సాకు అంటే ఏమిటో కూడా గిరిజమ్మ చెప్పింది. నందిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సాలు అంటుంటె బలిమికి పెట్టిన్నా, అత్తమ్మా?"

సీతాబాయి పనిచేసే సగం మూతితో నవ్వింది. కోహీర్ నుంచి వచ్చిన తండ్రికి చాయ్ ఇచ్చి, ఊరికే చూసిపోవడానికి వచ్చిన మనిషిలాగే పంపారు.

గిరిజమ్మ లేవబోయింది. ఎడమ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ముట్టనన్న మాట అట్లా పోయింది.

"కూడు," అన్నది సీతాబాయి.

కూడు అనగానే నందిని వంటింటి దిక్కు ఉరికింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"పెద్దమ్మా, బువ్వనా? ఇంకేమన్ననా?"

"కూసోమంటున్నది," అన్నది గిరిజమ్మ.

నందిని వచ్చి ఆమె భుజం మీది గుడ్డసంచి తీసి, గోడకు ఖాళీగా ఉన్న చీలకు తగిలించింది.

మంత్రం లేదన్న మాట గల్లీలో పాకి, గిన్నె దగ్గరికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. పగటి పూట ఎవరైనా వచ్చినా ఇంటికి తాళం ఉంటుంది. ఆ వేళకు జగన్‌మోహన్ ఇంట్లో ఇద్దరు ముసలమ్మలు కన్నడంలో ఏదో చెప్పుకుంటూ ఉంటారు. ఒకామెవి పూర్తి మాటలు, ఇంకొకామెవి సగం మాటలు. అన్నం కలుపుతూ నందిని వింటుంది. సాకు అనగానే ముద్ద ఆపేస్తుంది.